ఏడు రాత్రుల ఆసామి

పెళ్ళి భోజనాల్లో ఈయన్ని పోల్చుకోవడం తేలిక. మే నెల, పందిట్లో కూలర్ కూడా వేడిగాలే విసురుతోంది, అందరూ ఎండల్ని తిట్టుకుంటున్నారు. ఈయనొక్కడే మున్నార్‌లో పొద్దున్నే దుప్పటి వదలబుద్ధి కాని చలి గురించి చెబుతుంటాడు. ఎవరైనా ఊటీ వెళ్ళొచ్చామంటే “ఎక్కడ దిగారు?” అని అడుగుతాడు. వాళ్ళు ఏం చెప్పినా సరే, “అయ్యో, నాతో ఒక్క మాట అనుంటే మన రిసార్ట్‌లో ఇప్పించేవాణ్ణి కదండీ” అంటాడు. ఆ వెంటనే, “బయటివాళ్ళకి రాత్రికి పన్నెండు వేలు, మనకి ఫ్రీ” అని కూడా అంటాడు. పర్సులో ఆధార్ కార్డు వెనకాల దాచుకున్న కార్డు బయటికి వచ్చేది అప్పుడే. టైమ్‌షేర్ మెంబరు గారు! ఏడాదికి ఏడు రాత్రుల చొప్పున పాతికేళ్ళపాటు కొండల్లోనో సముద్రం ఒడ్డునో గదికి హక్కుదారు. ఈయన అమాయకుడూ కాదు, దుబారా మనిషీ కాదు. కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలు తగ్గించేదాకా కదలడు. ఫ్రిజ్ కొనాలంటే నాలుగు షాపులు తిరిగి, ఆన్‌లైన్ రేటు చూసి, దీపావళి ఆఫరు దాకా ఆగుతాడు. అలాంటివాడు ఐదు లక్షల కాగితం మీద ఒక్క సాయంత్రంలో ఎలా సంతకం పెట్టాడన్నదే చూడవలసిన ముచ్చట.

అది మొదలయ్యేది షాపింగ్ మాల్ గుమ్మం దగ్గరో, పెట్రోలు బంకులోనో. పేరూ ఫోన్ నంబరూ రాసి డబ్బాలో వేస్తే లక్కీ డ్రా అంటారు. రాసిన ప్రతివాడికీ లక్కు తగలడమే ఆ డ్రా ప్రత్యేకత. రెండు రాత్రులు ఉచిత బస, లేదంటే గిఫ్ట్ వోచరు. షరతల్లా ఒక్కటే, భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి. “ఇంట్లో అడిగి చెబుతా” అనే తెలుగు మగవాడి ఆఖరి ఆయుధాన్ని ముందుగానే లాగేసుకోవడానికి ఆ షరతు. హోటల్ హాల్లో పాటలు గట్టిగా మోగుతుంటాయి. టై కట్టుకున్న కుర్రాడు కాగితం మీద గళ్ళు గీసి, “ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తారు సార్? ఒక్కో ట్రిప్పుకి హోటలుకి ఎంతవుతుంది?” అంటాడు. రెండేళ్ళకోసారి అన్నవరం వెళ్ళే పెద్దమనిషి, పక్కన భార్య వింటుండగా, “ఏడాదికి రెండుసార్లండి” అంటాడు. ఆ అబద్ధాన్నే కుర్రాడు పాతికేళ్ళతో హెచ్చవేసి, ధరల పెరుగుదల కలిపి, కింద ముప్పై లక్షలో నలభై లక్షలో తేల్చి సున్నా చుడతాడు. ఆ పక్కనే ఐదు లక్షలు వేస్తే అవి ఎంత చిన్నగా కనిపిస్తాయో! పక్క బల్ల దగ్గర ఎవరో సంతకం పెట్టగానే చప్పట్లు. మేనేజరు వచ్చి, ఈ రేటు ఈ పూటకే అంటాడు. కానీ ఇవన్నీ ఒక ఎత్తు, “ఎన్నాళ్ళని అద్దె కడతారు సార్, సొంతం చేసుకోండి” అన్న మాట ఒక ఎత్తు. సరదాకి డబ్బు తగలెయ్యడం మన మధ్యతరగతి ఇంట్లో తప్పు. ఆస్తి మీద పెట్టడం బుద్ధిమంతుల లక్షణం. విహారయాత్రని ప్లాటు ఖాతాలోకి మార్చి చూపించారు కాబట్టే మెంబరు గారు పడ్డాడు. ఆయన చేతికొచ్చిందేమో సర్వే నంబరున్న స్థలం కాదు, పాతికేళ్ళ గది అద్దె ముందుగా కట్టిన రసీదు.

అద్దె ముందుగా కట్టడం నేరమేమీ కాదు, కొందరికి లాభం కూడా. ఎవరికి లాభమన్న ప్రశ్నకి అందరూ డబ్బు లెక్కతో మొదలుపెడతారు. నన్నడిగితే తేదీల లెక్కతో మొదలుపెట్టాలి: ఆ ఇంటి సెలవుల తేదీలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఈ సరుకు పుట్టిందే తేదీలు తమ చేతిలో ఉన్నవాళ్ళ కోసం. 1960లలో ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల్లో, స్కీయింగ్‌కి ఏటా వచ్చేవాళ్ళకి, గది అద్దెకి తీసుకునే బదులు మీ వారం మీరే కొనుక్కోండని మొదలుపెట్టారు. ఫ్రాన్సులో ఉద్యోగులకి రెండు వారాల జీతంతో కూడిన సెలవు 1936లోనే చట్టమైంది. మంచు ఏటా అదే కాలంలో పడుతుంది. కాబట్టి అక్కడి కుటుంబానికి “మా వారం” అన్నదొకటి నిజంగానే ఉంది. మన దేశంలో ఈ వ్యాపారం చేసే పెద్ద సంస్థల్లో స్టెర్లింగ్ 1986లో, మహీంద్రా హాలిడేస్ 1996లో పుట్టాయి. సరుకు మన ఊరికి వచ్చింది, ఆ వారం మాత్రం రాలేదు.

మెంబరు గారి క్యాలెండరు చూడండి. సీజన్లకి రంగులు పెట్టి అమ్ముతారు. పర్పుల్ అంటే లోకమంతటికీ సెలవులున్న కాలం, రేటు ఆకాశంలో. బ్లూ అంటే కొండ మీద వాన ఆగని కాలం, రేటు నేల మీద. మెంబరు గారు పొదుపరి గనక మధ్యలో వైట్ కొన్నాడు. వైట్ వారాల్లో బడులుంటాయి. బడులు మూసే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా గిరాకీ రంగులవాళ్ళదే రాజ్యం. సంక్రాంతికి వెళదామా అంటే, సంక్రాంతికి అత్తగారింటికి కాకుండా కూర్గ్ వెళ్ళిన అల్లుడు ఆ తరవాత ఏ మొహంతో కనబడతాడు? దసరాకి ఆడపడుచు వస్తుంది. ముహూర్తాల మాసాల్లో ఎవరి పెళ్ళో ఒకటి తప్పదు. వీటన్నిటినీ దాటినా పదో తరగతీ, రెండేళ్ళ ఇంటరూ, ఈఏపీసెట్టూ, జేఈఈ ఉన్నాయి. ఇంట్లో ఒక పిల్లకి ఆ మూడేళ్ళు నడుస్తుంటే టీవీకే దిక్కులేదు, ఇక రిసార్ట్ ఎక్కడ? పిల్లలిద్దరికీ మూడేళ్ళ తేడా ఉంటే కర్ఫ్యూ వరసగా ఆరేళ్ళు. తెలుగువాళ్ళకి ముందుచూపు లేదు, అందుకే బుక్ చేసుకోలేరని కంపెనీవాళ్ళు అంటారు. ఈ మాట ఒప్పుకోను. తిరుమల మూడొందల రూపాయల దర్శనం కోటా దాదాపు మూడు నెలల ముందు విడుదలవుతుంది. ఆ ఉదయం ఇంటిల్లిపాదీ తలొక ఫోనూ పట్టుకుని కూర్చుని సాధించే జాతి మనది. ముందుచూపు కావలసినంత ఉంది. తేదీలే మనవి కావు. బడివి, పంతులుగారివి, వియ్యంకుడివి.

ఇప్పుడు డబ్బు. ఉదాహరణకి ప్రవేశానికి 5 లక్షలు, ఏటా నిర్వహణ రుసుము 20,000 అనుకుందాం. ఆ ఐదు లక్షలూ ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి, అసలూ వడ్డీ కలిపి పాతికేళ్ళు సమంగా తీసుకుంటే ఏటా సుమారు 43,000 చేతికొస్తాయి. మెంబరైనందుకు వదులుకున్నది అదీ. రుసుము మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 23,600. మొత్తం 66,600. ఏడు రాత్రులూ వాడితే రాత్రికి 9,500. సెలవు దొరక్క నాలుగే వాడితే 16,650. మెంబరు గారు నాలుగే వాడతాడు, ఎందుకంటే నాలుగో రోజు పొద్దున్నే ఆయనకి ఇంట్లో గ్యాస్ కట్టేశామా లేదా అన్న అనుమానం మొదలవుతుంది. మిగిలిన రాత్రులు వచ్చే ఏటికి జమ చేసే పథకాలున్నాయి, నిజమే. కానీ ఈ ఏడు నాలుగు వాడినవాడు వచ్చే ఏడు పది ఎలా వాడతాడో ఆయన్నే అడగాలి. రైలు, కారు, భోజనం వేరే. రిసార్ట్ ఊరికి దూరంగా ఉంటుంది గనక టిఫిన్ కూడా అక్కడే, వాళ్ళు చెప్పిన ధరకే. అందుకే ఆవిడ సూట్‌కేసులో చీరల మధ్య చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, ఆవకాయ సీసా ప్రయాణం చేస్తుంటాయి. మూడో రోజు మధ్యాహ్నం తలుపు గడియ వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పి, పోపు వాసన కారిడార్‌లోకి పోకుండా కింద తువ్వాలు అడ్డం పెట్టి వండే ఆ అన్నమే మొత్తం ట్రిప్పులో అందరికీ నచ్చిన భోజనం. ప్రభుత్వోద్యోగి అయితే ఎల్‌టీసీ ఉందిగా అంటారు. ఎల్‌టీసీ ఇచ్చేది ప్రయాణపు చార్జీలే. గది గోడు దానికి పట్టదు.

పాతికేళ్ళలో హోటల్ రేట్లు ఎంత పెరుగుతాయో ఆలోచించారా, ఇవాళ్టి ధరకి కట్టిపడేసుకోవడం తెలివి కాదా అన్నది పెద్ద ఆక్షేపణ. కట్టిపడేసినది ప్రవేశ రుసుము ఒక్కటే. ఏటేటా కట్టేది కట్టు తెంచుకునే ఉంటుంది. ఏటా ఆరు శాతం పెరిగినా పన్నెండేళ్ళకి రెట్టింపు. పైగా హోటల్ అద్దె ఎప్పుడూ పైకే పోదు: గిరాకీ లేని వారంలో దిగుతుంది, ఒక రాత్రికి 7,500 దాకా ఉన్న గది మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 5 శాతమే, అన్నిటికీ మించి ఈ ఏడు వద్దనుకుంటే సున్నా. అరకులోనో హార్స్‌లీ హిల్స్‌లోనో టూరిజం వాళ్ళ హరితలో దిగే కుటుంబం తన ఖర్చుని పన్నెండు వేల గదితో పోల్చుకుని మిగిలిందనుకోవడం, ఎక్కని విమానం టిక్కెట్టు ఆదా అయిందని సంబరపడటమే. ఏటా పండగ సీజన్లో, అదే స్థాయి గదుల్లో, వారమంతా సొంత డబ్బుతో దిగే అలవాటు ముందునుంచీ ఉన్న ఇంటికి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్ళకి మెంబర్‌షిప్ నిజంగానే చవక.

రెండో ఆక్షేపణకి కొంచెం తలవంచాలి. “ఇది లేకపోతే మేం అసలు కదిలేవాళ్ళమే కాదు, డబ్బు కట్టాం గనక వెళ్తున్నాం” అంటారు ఆడవాళ్ళు. ఇందులో నిజం ఉంది. అటక మీది సామాను సర్దుకోవడానికే సెలవు పెట్టే భర్తని ఏడాదికోసారి కొండెక్కించిన ఘనత ఆ రుసుము నోటీసుదే. ఈ బలవంతానికి విలువ కట్టడం నా తరం కాదు. కాకపోతే ఆ బలవంతం చవగ్గానూ దొరుకుతుంది: ఏటా జనవరిలో అరవై వేలు వేరే ఖాతాలో వేసి, ఆ పాసుబుక్కు ఆవిడ చేతికిస్తే చాలు, ఆయన కదులుతాడు.

మరి సరిపోయేదెవరికి? తేదీలు తమ చేతిలో ఉన్నవాళ్ళకి. పిల్లలు స్థిరపడి, వానాకాలం బ్లూ వారమైనా సంతోషంగా వెళ్ళి, బాల్కనీలో కూర్చుని పుస్తకం చదువుకోగల రిటైరైన దంపతులకి. ఇక్కడే విధి మెంబరు గారితో ఆడుకుంటుంది. ఆయన కొన్నది ముప్పై ఎనిమిదో ఏట, ఈఎంఐ కట్టే సత్తువ ఉన్నప్పుడు. పాతికేళ్ళ గడువు అరవై మూడుకి తీరిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగులకి 2022 నుంచి పదవీవిరమణ అరవై రెండుకి. అంటే వాడుకోగల వయసు వచ్చాక మిగిలేది ఒక్క ఏడాది. తెలంగాణలో అరవై ఒకటి, రెండేళ్ళు. ఆ ఏడాది కూడా మోకాళ్ళు ఒప్పుకుంటేనే. పిల్లల పేరు మీద మారుస్తాలెండి అంటాడు. పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు. అక్కడ వాళ్ళనీ ఓర్లాండో టూరులో తగ్గింపు టిక్కెట్ల ఆశ చూపి ఒక హాల్లో కూర్చోబెట్టే ఉంటారు. అమెరికాలో కొన్ని టైమ్‌షేర్లకి గడువే లేదు, దస్తావేజుతో పాటు ఏటా రుసుము కట్టే బాధ్యత కూడా వారసులకి వచ్చిపడవచ్చు. అయితే ఫ్లోరిడా చట్టం సంతకం పెట్టాక పది రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఇచ్చింది, ఐరోపా పద్నాలుగు రోజులిచ్చింది. మన దగ్గర టైమ్‌షేర్ కోసం ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందంలో కంపెనీ రాసిన రద్దు గడువే గడువు, ఆ తరవాత వినియోగదారుల కమిషను. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉండే ఊరి నుంచే ఫిర్యాదు చేయొచ్చన్నది కాస్త ఊరట. ఆ రద్దు గడువు ఒప్పందంలో ఏ పేజీలో ఉందో మెంబరు గారికి తెలియదు. చప్పట్ల మధ్య సంతకం పెట్టిన కాగితం ఇంటికొచ్చి బీరువాలో, ప్లాటు దస్తావేజు పక్కన, అదే గౌరవంతో కూర్చుంది.

ఇన్ని లెక్కలు చెబుతున్నారు, మరి ఇంతమంది మెంబర్లు సంతోషంగానే ఉన్నారు కదా, వాళ్ళ మాట చాలదా అని అడగవచ్చు. సంతోషంగా ఉన్నవాళ్ళు నిజంగానే ఉన్నారు, ఏడు రాత్రులూ వాడేవాళ్ళు. వాళ్ళని మూడే అడగాలి: మొదటి ఏడు రుసుమెంత, ఈ ఏడు ఎంత, పోయిన మూడేళ్ళలో మీరు అడిగిన ఊళ్ళో, అడిగిన తేదీకి గది ఎన్నిసార్లు దొరికింది. జవాబు టక్కున వస్తే ఆ మాట నమ్మదగ్గదే. మన మెంబరు గారు అలా కాదు, ప్రశ్న పూర్తికాకముందే ఫోన్లో ఫొటోలు చూపిస్తాడు: పొగమంచు, టీ తోట, టోపీ పెట్టుకున్న ఆయన. వాడుకోని రాత్రులు బంధువులకి ఇచ్చి, వాళ్ళు అర్ధరాత్రి ఫోన్ చేసి గీజర్ పని చెయ్యడం లేదంటే రిసెప్షన్‌తో పోట్లాడేదీ ఆయనే. ఇంత జరిగాక కూడా బావమరిది వచ్చి, “బావా, మొన్న మాల్‌లో మాకూ లక్కీ డ్రా తగిలింది, ఆదివారం రమ్మన్నారు. తీసుకోమంటావా?” అంటే, మెంబరు గారు ఒక్క క్షణం కూడా ఆలోచించడు. “కళ్ళు మూసుకుని తీసుకోరా. సంతకం పెట్టేటప్పుడు మాత్రం నా మెంబర్‌షిప్ నంబరు రాయించు. రిఫరెన్సుకి నాకు రెండు రాత్రులు కలుస్తాయి.”