పొక్లెయిన్ పురావస్తు శాఖ

నంద్యాల జిల్లాలో తవ్వకాల మీద పురావస్తు నిఘా లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. అన్యాయం. చేనులో కాలువ తీసినా, రోడ్డుకు గ్రావెల్ ఎత్తినా ఒక నిపుణుడు దగ్గరుండి చూస్తూనే ఉంటాడు. ఆయన పొక్లెయిన్ సీట్లో కూర్చుంటాడు. బకెట్టుకు ఏదో టంగుమని తగిలితే అది బండరాయో, దేవుడి విగ్రహమో తేల్చడానికి ఆయనకు అర నిమిషం చాలు. బాడుగ గంటల లెక్కన నడుస్తుంటే అంతకు మించి ఆలోచిస్తే ఓనరు ఊరుకోడు మరి.

ఇంగ్లండులో ఈ నిఘా పనిని మరీ చాదస్తంగా చేస్తారు. నేలలో పాతకాలపు జాడ ఉందని అనుమానం వస్తే, తవ్వుతున్నంతసేపూ పురావస్తు నిపుణుడు పక్కన నిలబడాలని అనుమతిలోనే షరతు పెట్టొచ్చు. 1990 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలతో ఆ ఖర్చు నిర్మాణం చేసేవాడి నెత్తినే పడింది. మన కాంట్రాక్టరుకు ఈ మాట చెప్పి చూడండి. "నిలబడినందుకు డబ్బు తీసుకునేటోళ్లు ఇప్పటికే తక్కువున్నారా సార్?" అంటాడు.

మన చట్టం అంత మొండిది కాదు. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కట్టొద్దంటుంది, ఆపైన మరో 200 మీటర్ల దాకా అడిగి కట్టమంటుంది. అంటే బోర్డు పాతితేనే చరిత్ర. పాతకపోతే మట్టి. మట్టికి టిప్పరు లెక్కన రేటుంది.

బనగానపల్లె దగ్గరి జ్వాలాపురమే చూడండి. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద సముద్రం దాటొచ్చి జుర్రేరు లోయలో మేటలు వేసింది. ఆ పొర కిందా, పైనా కూడా మనుషుల రాతి పనిముట్లు దొరికాయని రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం 2007లో ‘సైన్స్’ పత్రికలో రాసింది. అంత ఉత్పాతాన్నీ ఇక్కడి జనం తట్టుకున్నారా అని దేశదేశాల పండితులు వాదులాడుకుంటుంటే, మనం ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నాం. మాట దాచకూడదు, ఆ తవ్విన గుంతల గోడల్లోనే పొరలు చక్కగా కనబడ్డాయి. చూపించిందీ గడ్డపారే, చెరిపేసిందీ గడ్డపారే. అంట్లు మాత్రం తళతళలాడాయి.

పాతవాటిని కాపాడటం సర్కారుకు చేతకాక కాదు. శ్రీశైలం నీళ్లు ముంచేస్తాయంటే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. కాకపోతే గుడికి దణ్ణం పెట్టేవాళ్లుంటారు. రాతి గొడ్డలికి ఓటు లేదు, హుండీ లేదు.

భూమిలో చరిత్ర ఉందని మనస్ఫూర్తిగా నమ్మేది ఒక్క గుప్తనిధుల బ్యాచ్చే. నిమ్మకాయలు, మెటల్ డిటెక్టరు, అమావాస్య డ్యూటీ. ఏ శాఖలో ఉంది ఇంత దీక్ష? వీళ్ల కోసమే 1878 నాటి నిధి చట్టం ఇంకా బతికే ఉంది. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. నూట నలభై ఏళ్లు దాటినా ఆ పది పదే. టీ ధర మాత్రం చట్టాన్ని గౌరవించలేదు.

ఇక బకెట్టు తగిలి ఏ నందో రెండు ముక్కలైతే కంగారెందుకు? ఆళ్లగడ్డ శిల్పులు లేరూ? అడ్వాన్సు ఇస్తే పాతదానికన్నా నున్నగా చెక్కి లారీ ఎక్కిస్తారు. బిల్లు మీద ‘జీర్ణోద్ధరణ’ అని రాయించుకోవడం మర్చిపోకండి, విరాళాలు బాగా వస్తాయి.