దరువు ఎవరిది? దుడ్లు ఎవరివి?

రాక్ అండ్ రోల్‌లో మొదటి పాట ఏదన్న పంచాయితీ అమెరికాలో ఇంకా తెగలేదు. చాలామంది ఓటు 1951 నాటి ‘రాకెట్ 88’కు. ఆ రికార్డు మీద ‘జాకీ బ్రెన్‌స్టన్, ఆయన డెల్టా క్యాట్స్’ అని అచ్చేశారు. అసలు అలాంటి బృందమే లేదు. వాయించింది ఐక్ టర్నర్ జట్టు! 1954లో ఎల్విస్‌ను నిలబెట్టిన పాటనైతే ఆర్థర్ క్రూడప్ 1946లోనే పాడేశాడు. రాయల్టీ మాత్రం ఆయన గడప దాకా సరిగా రాలేదు.

మనకా తలనొప్పి లేదు. నందికొట్కూరు పక్క పల్లెలో చెక్కభజన దరువు మార్చిన తాత పేరు ఏ రికార్డు మీదా వేయరు. వేయనప్పుడు తప్పుపడే భయమేముంది? సినిమాకెక్కితే ‘జానపదం’ అని ఒక్క ముక్క, అంతే. 2021లో ‘సారంగ దరియా’ సినిమా పాటగా మార్మోగితే, ఆ పాట వెలికితెచ్చింది నేనని ఓ గాయని అంది. జానపదం జనం సొత్తన్న వాదన వెంటనే లేచింది.

సరే, జనం సొత్తే. మరి యూట్యూబ్ దుడ్లు పడే ఖాతా ఎవరిదప్పా?