అమ్మమ్మ బ్యాగు, మనవరాలి జీన్స్

నేను మేకతోలు బ్యాగుని. ఒంటినిండా మెరూన్ రంగు, మూత మీద పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో బెంగాలీ ఆల్పనా ముగ్గు, చుట్టూ సన్నటి తోలు పోగుతో అల్లిన అంచు. వెడల్పు 9 అంగుళాలు, ఎత్తు 6. మూత కింద ఒక టిచ్ బటన్. నన్ను చూడగానే శాంతినికేతన్ బ్యాగు అని గుర్తుపట్టేవాళ్లు తెలుగు నేల మీదా తక్కువేం కాదు. కలకత్తా వెళ్లొచ్చిన చుట్టాలు తెచ్చిన కానుకలుగా మావాళ్లు చాలా ఇళ్ల బీరువాల్లో చేరారు. ఎక్కువమంది ఇప్పటికీ ఆ బీరువాల్లోనే ఉన్నారు. నేను మాత్రం బయటికొచ్చి, ఇవాళ్టి బట్టల పక్కన రోజూ తిరుగుతున్నాను. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా.

ముందు నా పుట్టుక. నన్ను కుట్టింది బెంగాల్‌లో, నా తోలు మాత్రం దక్షిణాదిది. మన వైపు మేక, గొర్రె తోళ్లను చెట్ల బెరళ్లతో పదును చేసే పద్ధతి చాలా పాతది. అలా తయారైన సరుకును ఈస్ట్ ఇండియా తోలు అని వ్యాపారులు పిలుస్తారు. అందులో మొదట వాడింది తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే తంగేడే, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ తంగేడే. దాని బెరడులో తోలును కుళ్లనివ్వని వగరు ఉంటుంది. తర్వాతి కాలంలో తంగేడు స్థానాన్ని వాటిల్ చెట్టు బెరడు చాలావరకు ఆక్రమించింది. చివర్లో కరక్కాయ నీళ్లలో నానబెట్టడం మాత్రం పోలేదు.

ఈ వగరు పదునే లేకపోతే నా మీద బొమ్మ నిలిచేది కాదు. బెరళ్లతో పదునైన తోలును తడిపి, మొద్దుమొన ఉన్న పనిముట్టుతో గీస్తే ఆ గీత ఆరాక కూడా అలాగే పల్లంగా ఉండిపోతుంది. ఇప్పుడు బజార్లో దొరికే బ్యాగుల్లో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసినవి. అవి మెత్తగా ఉంటాయి, నీళ్లకు ఓర్చుకుంటాయి, కానీ నొక్కిన గీతను అంత బాగా పట్టి ఉంచవు. నా మూత మీద వేలు పెట్టి రాస్తే ముగ్గులోని ఒక్కో తీగా వేలికి తగులుతుంది. బొమ్మ ఒత్తాక రంగులు అద్దారు. కొన్నిచోట్ల రంగు పట్టకుండా అడ్డు పూత పూసి, తోలును చేత్తో నలిపి, ఆ పగుళ్లలోకి ముదురు రంగు దింపారు. బాటిక్ అంటే అదే. ఆ పగుళ్లు ఏ రెండు బ్యాగుల మీదా ఒకేలా రావు. ఆఖరున అంచు పొడవునా రంధ్రాలు కొట్టి, తోలు పోగును ఒక్కో రంధ్రంలోంచి లాగుతూ అల్లారు.

ఈ పని రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో శాంతినికేతన్ పక్కనున్న శ్రీనికేతన్‌లో మొదలుపెట్టిన గ్రామీణ పునర్నిర్మాణ ప్రయత్నంలోంచి పెరిగింది. కొడుకు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమాదేవి దాన్ని అక్కడ నిలబెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చేతినిండా పని దొరకాలన్నది ఆలోచన. శాంతినికేతన్ కళాభవనంలో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నవాళ్ల చేతి గీత, పండుగకు నేల మీద వేసే ఆల్పనా, బోల్పూర్ వైపు మామూలు ఇళ్ల కుర్రాళ్ల ఓపిక, ఈ మూడూ కలిసి మా రూపం వచ్చింది. శాంతినికేతన్ తోలు వస్తువులకు తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2023లో శాంతినికేతన్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు టీచరమ్మ పేపరు చదువుతూ నావైపు చూసింది. ఆ చూపు నాకు చాలు.

టీచరమ్మ అంటే నన్ను కొన్నావిడ. ఖరగ్‌పూర్‌కు రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. అలాంటి ఒక ఇంటి కోడలు. అక్కడి బడిలో పాఠాలు చెప్పేది. డెబ్బైల చివర్లో ఒక డిసెంబరులో శాంతినికేతన్ పౌషమేళాలో నన్ను బేరమాడి కొని చంకన పెట్టుకుంది. ఎంతో పొడవైన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఆమెతో ఎన్నిసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచానో. నాలో రైల్వే పాసు, చిల్లర, కర్చీఫు, అమృతాంజనం సీసా, పేపర్లు దిద్దే ఎర్ర సిరా పెన్ను ఉండేవి. ఆ పెన్ను ఒకసారి కారింది. ఎడమ మూల లోపలి గుడ్డ మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పట్లో ఆమె కట్టేది గంజిపెట్టిన తాంత్ నూలు చీరలు. నేను ఆ చీరలకు జోడీగా ఇమిడిపోయాను, ఎందుకంటే అవి ఆనాటి రోజువారీ బట్టలు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. పదవీ విరమణ తర్వాత వాళ్లు విశాఖపట్నం వచ్చేశారు. నన్ను బీరువాలో పట్టుచీరల కింద పెట్టారు. ఆ ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

నన్ను బయటికి తీసింది మనవరాలు.

"అమ్మమ్మా, ఇది నేను వాడుకోనా?"

"వాడుకోవే. నేనిప్పుడు ఎక్కడికెళ్తాను? కానీ రంగు అంటుతుందేమో, చూసి పట్టుకెళ్లు."

మొదటిసారి ఆమె నన్ను ఆఫీసులో పండుగ రోజుకు తీసుకెళ్లింది. నేను పాతదాన్ని కాబట్టి పాతకాలపు తయారీ ఉండాలనుకుంది. బెంగాల్ చీర, ఆక్సిడైజ్డ్ వెండి జూకాలు, పెద్ద బొట్టు, మోచేతి వరకు జాకెట్టు. చూసినవాళ్లంతా "ఏ నాటకంలో వేషం?" అని అడిగారు. అలంకారంలో ప్రతిదీ గతాన్నే చెబుతుంటే మనిషి కనిపించదు, వేషమే కనిపిస్తుంది. పాత బ్యాగుకు పాత బట్టలే నప్పుతాయన్నది చాలామంది నమ్మకం. అది సరికాదని నా నమ్మకం. టీచరమ్మ నన్ను తన కాలపు మామూలు బట్టలతో వేసుకుంది. మనవరాలు కూడా తన కాలపు మామూలు బట్టలతోనే వేసుకోవాలి.

ఆ తర్వాత ఆమె ముదురు నీలం జీన్స్, పైన బూడిదరంగు కాటన్ చొక్కా వేసుకుని, చేతులు మోచేతి దాకా మడిచి, నన్ను భుజాన తగిలించుకుంది. అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. నా మెరూన్ అంత నిండుగా ఉంటుందని అంతకుముందు నాకే తెలియదు. చుట్టూ ఏ బొమ్మా లేని బట్ట ఉన్నప్పుడు నా ముగ్గు తీగ తీగగా కనబడింది. అలంకరణ అంతా ఒక్కచోట ఉంటే కంటికి నిలవడానికి చోటు దొరుకుతుంది. కలంకారీ కుర్తా మీదో, పోచంపల్లి ఇక్కత్ మీదో నన్ను వేసుకుంటే ఒకే వేదిక మీద ఇద్దరు గాయకులు వేర్వేరు పాటలు ఎత్తుకున్నట్టుంటుంది. ఇద్దరూ గొప్పవాళ్లే, ఎవరి పాటా వినబడదు. మంగళగిరి కాటన్ కుర్తా అయితే నాకు చాలా ఇష్టం. ఒళ్లంతా సాదా, అంచు మాత్రమే జరీ. కింద చుడీదార్ బదులు నల్లటి స్ట్రెయిట్ ప్యాంటు వేస్తే ఆఫీసుకు అంతకంటే మంచి జోడీ ఉండదు.

చీర మీద వద్దని కాదు. ఒకే రంగు లినెన్ చీర కట్టి, జాకెట్టు బదులు కాలరున్న చొక్కా వేసి, కాళ్లకు తెల్ల స్నీకర్లు తొడిగి ఆమె ఒక పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లింది. పెద్దవాళ్లు నొసలు చిట్లించారు. ఒకావిడ మాత్రం దగ్గరికొచ్చి, "ఇది మా అక్క దగ్గర ఉండేది" అంటూ నా అంచు తడిమింది. రాత్రి విందులకు మోకాళ్ల కిందికి ఉండే నల్ల గౌను వేసుకుని, నా పట్టీ ఊడదీసి చేత్తో పట్టుకుంటుంది. నల్లరంగు పక్కన నాలోని పసుపు వెలుగుతుంది. సాటిన్ లాంటి మెరిసే గుడ్డలు మాత్రం నాకు పడవు. నా మీద పాలిష్ మెరుపు ఉంది, పక్కన ఇంకో మెరుపు ఉంటే రెండూ చవకగా కనిపిస్తాయి. నూలు, లినెన్, ఖాదీ, డెనిమ్, ఇవే నా నేస్తాలు.

చెప్పుల సంగతి. బ్యాగూ చెప్పులూ ఒకే రంగు, ఒకే డిజైన్ ఉండాలన్నది పాత పద్ధతి. ఇప్పుడది బరువుగా అనిపిస్తుంది. నాలో ఉన్న నాలుగు రంగుల్లోంచి ఒక్కటి ఎంచుకుని అది కాళ్ల దగ్గర పెడితే సరిపోతుంది. మనవరాలు నలుపు తీసుకుంది, నల్ల కొల్హాపురీలు. ఇంకెక్కడా నా రంగులు వెతకలేదు. చెవులకు చిన్న దిద్దులు, చేతికి వాచీ.

పట్టీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పాత బ్యాగులు ఇవాళ్టి బట్టలతో నప్పకపోవడానికి చాలాసార్లు కారణం అదే. నా అసలు పట్టీ పొట్టిది. చంకలో ఇరికించుకోవాల్సిందే. బస్సు ఎక్కే పిల్లకు, ఒక చేత్తో ఫోను పట్టుకునే పిల్లకు అది కుదరదు. 1955 ఫిబ్రవరిలో ఫ్యాషన్ డిజైనర్ గాబ్రియెల్ షనెల్ తన 2.55 బ్యాగుకు భుజాన వేసుకునే గొలుసు పెట్టిందీ చేతులు ఖాళీగా ఉండాలనే. ఆ బ్యాగు పేరులోని అంకెలు ఆ నెల, ఆ సంవత్సరమే. మనవరాలు నన్ను చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి, "ఒంటికి సూది పెట్టనమ్మా, చిరిగిపోద్ది" అన్నాడు. పాత పట్టీ ఉన్న చోటే చిన్న ఇత్తడి వలయాలు బిగించి, ముదురు గోధుమరంగు తోలుతో, బకిల్ పెట్టి పొడవు మార్చుకునేలా కొత్త పట్టీ కుట్టాడు. ఇప్పుడు నేను తుంటి ఎముక దగ్గర ఆగుతాను. ఇంకా కిందికి జారితే నడుస్తుంటే తొడకు కొట్టుకుంటాను, మనిషి పొట్టిగానూ కనిపిస్తుంది. పాత పట్టీ పారేయలేదు. బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. పాత వస్తువుకు ఏ మార్పు చేసినా వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి.

ఇక నాలో పట్టేది ఎంత? ఫోను అడ్డంగా పడుతుంది, కార్డులు, తాళాలు, లిప్‌స్టిక్ పడతాయి. నీళ్ల సీసా, చార్జరు, లంచ్ బాక్సు పట్టవు. వాటిని కుక్కితే నా అంచు అల్లిక తెగుతుంది. అందుకని ఆమె ఒక సాదా గోనెరంగు గుడ్డసంచీ కూడా వెంట తీసుకెళ్తుంది. బరువు దానిది.

నా రంగుల బలహీనత కూడా చెప్పాలి. మాకు అద్దేవి స్పిరిట్‌లో కరిగే రంగులు. కరోనా రోజుల్లో ఆమె చేతులకు శానిటైజర్ రాసుకుని, ఆరకముందే నా మూత తెరిచింది. వేళ్లకు మెరూన్ అంటింది, నా మూత మూలన బొటనవేలి మేర తెల్లబడింది. దాని మీద బూట్ పాలిష్ రాయమని ఎవరో సలహా ఇచ్చారు. ఆమె రాయలేదు. రాసి ఉంటే పక్కనున్న బాటిక్ పగుళ్లన్నీ ఒకే మురికిరంగులోకి మునిగిపోయేవి. సెంటు కూడా అంతే, ముందు కొట్టుకుని, ఆరాక నన్ను తగిలించుకోవాలి.

తెల్లబట్టల మీదికి తీసుకెళ్లేముందు పాత శాంతినికేతన్ బ్యాగును పరీక్షించాలి. తెల్ల కర్చీఫు కొద్దిగా తడిపి వెనకవైపు అడుగున మెల్లగా రుద్దితే తెలుస్తుంది. రంగు అంటితే ఆ బ్యాగును ముదురు బట్టలతోనే వాడాలి. నేను వెనకవైపు కొంచెం అంటుతాను. అందుకే తెల్ల చొక్కాతో రాను. లేతరంగు తోలు బ్యాగులకు దీనికి తిరగబడిన ఇబ్బంది ఉంది, కొత్త జీన్స్ నీలం వాటికి అంటుకుంటుంది, మళ్లీ పోదు. ఆ జీన్స్‌ను కొన్నిసార్లు ఉతికాక కలపడం మేలు.

విశాఖ సముద్రపు తేమకు తోలు మీద బూజు పడుతుంది. వానాకాలంలో నా ఒంటి మీద తెల్లటి పొడిలా కనిపించేది. దాన్ని పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో గాలికి పెట్టాలి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టడం కంటే ద్రోహం లేదు, తేమ లోపలే ఉండిపోతుంది. పాత నూలు దిండుగలీబు చాలు. లోపల ఆకారం నిలవడానికి తెల్ల కాగితాలు కుక్కండి, వార్తాపత్రికలు వద్దు, వాటి సిరా లోపలి గుడ్డకు అంటుతుంది. అన్నిటికంటే మంచి మందు వాడకం. వారానికి రెండుమూడుసార్లు గాలి తగిలే బ్యాగుకు బూజు పట్టడం తక్కువ.

మాలాంటి పాతవాటి కోసం ఇప్పుడు దేశదేశాల్లో వెతుకుతున్నారు. ఇరవై ఏళ్లు దాటిందంటే వింటేజ్ అంటున్నారు. 1997లో వచ్చిన ఫెండి బగెట్ కూడా ఆ లెక్కలోకి వచ్చేసింది. అంత పేరున్న కంపెనీ బ్యాగు కోసం అప్పుచేసే ఆడపిల్లలను చూసినప్పుడు నాకు బాధగా ఉంటుంది. తమ ఇంట్లోనే చేత్తో అల్లిన అంచున్న బ్యాగు ఒకటి పట్టుచీరల కింద పడి ఉండొచ్చు. బోల్పూర్ చుట్టుపక్కల చేతులు ఇంకా ఈ పని చేస్తూనే ఉన్నాయి. ఇంట్లో లేనివాళ్లు కొత్తది కొన్నా మంచిదే. అంచు అల్లినదా, మిషను మీద కుట్టినదా, ముగ్గు వేలికి తగులుతోందా, ఇవి చూసి కొనండి.

మీ అమ్మదో, అమ్మమ్మదో, మేనత్తదో బ్యాగు ఉంటే ఆవిడను అడిగి తీసుకోండి. వాడే ముందు అరలన్నీ ఒకసారి తడమండి. పాత రసీదో, ఉత్తరమో, ఫొటోనో దొరికితే అది ఆవిడకు ఇచ్చేసి, బ్యాగును మీ మామూలు జీన్స్ మీద వేసుకుని రేపే ఆఫీసుకు వెళ్లండి.