పుంజుకి నైట్ షిఫ్ట్

తన కోడి కూయకపోతే, తన కుంపటి రాజకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. ఊరి మీద కోపమొచ్చి రెండూ చంకన పెట్టుకుని అడవికి పోయిందట. ఊరికి మాత్రం ఎప్పటిలాగే తెల్లారిందట. చిన్నప్పుడు ఆ కథ విని తెగ నవ్వేవాణ్ణి. మాదాపూర్‌లో కోళ్లు పెంచడం మొదలెట్టాక నవ్వు తగ్గింది. మా సందులో చిక్కు తెల్లారడంతో కాదు. అసలు పొద్దే గూకదు.

అయ్యప్ప సొసైటీలో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. ఇంటి వెనక పార్కింగుకి చాలక, గదికి చాలక మిగిలిపోయిన జాగా ఒకటుంది. తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి మిద్దెతోట గురించి చదివి, మిద్దె లేకపోయినా తోట వేద్దామని ముందు కుండీలు కొన్నాను. టమాటా మొక్క మూడు కాయలు కాసింది. రెండు ఉడత తింది. మూడోదానికి ఫొటో తీసి, ఊళ్లో ఉన్న అమ్మకి పంపాను. "ఒరేయ్, అది టమాటానా, రేగుపండా?" అంది అమ్మ.

తోట పని అచ్చిరాలేదని కోళ్ల మీద పడ్డాను. మాది తణుకు దగ్గర. లారీలకి లారీలు గుడ్లు బెంగాల్‌కీ అస్సాంకీ పంపే ప్రాంతం. అక్కడ పుట్టినవాడికి కోడి కొత్తేంటి అనుకున్నాను. తణుకులో పుట్టడం వేరు, కోడి దగ్గర పుట్టడం వేరు అని తర్వాత తెలిసింది.

2024 సెప్టెంబర్‌లో మొయినాబాద్ వైపు ఒక రైతు దగ్గర నెల దాటిన పెట్టపిల్లలు రెండు తెచ్చాను. గ్రామప్రియ జాతి. మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైంది. నాటుకోడి ఏడాదికి అరవై డెబ్బై గుడ్లు పెడితే, పెరట్లో తిరుగుతూనే ఇది 160 నుంచి 180 దాకా పెడుతుంది. మా అమ్మాయి వాటికి బుజ్జి, చిట్టి అని పేర్లు పెట్టింది. పేరు పెట్టిన కోడిని కోసుకోలేమని మా ఆవిడ అప్పుడే హెచ్చరించింది.

అదే వారం సైకిల్ మీద రంగురంగుల కోడిపిల్లలు అమ్మేవాడు సందులోకి వచ్చాడు. ఆకుపచ్చవి, పసుపువి, గులాబీవి. అమ్మాయి గులాబీ రంగు పిల్లని ఎత్తుకుని ఇక దించలేదు. దానికి రోజీ అని నామకరణం జరిగింది. గుడ్ల కోళ్ల హేచరీలో మగపిల్లలతో పనుండదనీ, రంగులద్దుకుని వీధుల్లోకి వచ్చేవి ఎక్కువగా అవేననీ నాకు తెలీదు. అట్టపెట్టెలో అరవై వాట్ల బల్బు పెట్టి, ఏడో రోజున కొక్కెర తెగులు టీకా చుక్క కంట్లో వేయించి కాపాడుకున్నాం. నెలకల్లా గులాబీ వెలిసి తెల్లబడింది. రెండో నెలలో నెత్తి మీద జుట్టు ఎర్రగా లేచింది. సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున రోజీ మెడ సాచి, గొంతు సవరించుకుని, తలుపు కిర్రుమన్నట్టు ఒక కూత కూసింది. రోజీ పుంజు.

ఆ కబురు తణుకు చేరింది. మా మామయ్య వీడియో కాల్ చేసి ముందు రోజీ మొహం చూపించమన్నాడు, తర్వాత నాది. "తెలుపు. సేతువ! అల్లుడూ, కాళ్లు చూపించు." కోడిపందేల కుక్కుట శాస్త్రం ఆయనకి కంఠతా వచ్చు. ఏ రోజు కాకి గెలుస్తుందో, ఏ దిక్కున డేగని వదలాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కాళ్లు చూశాక మాత్రం నిట్టూర్చాడు. "ఇది పందేనికి పనికిరాదురా. గడప దాటమన్నా ఆలోచించేట్టుంది."

గడప దాటాల్సిన పని రోజీకి లేదు. గొంతు చాలు. 2013లో జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజుల్ని ఎప్పుడూ ఒకేలా ఉండే మసక వెలుతురులో పెట్టి చూశారు. సూర్యుడు కనబడకపోయినా అవి వేళకి కూశాయి. గడియారం లోపలే ఉందన్నమాట. వెలుగు పడినా, చప్పుడైనా కూడా కూస్తాయని వాళ్లే చెప్పారు. మాదాపూర్‌లో ఆ రెండూ ఎప్పుడు లేవు? పదకొండున్నరకి క్యాబ్ లైట్లు గోడ మీద పడితే ఒక కూత. రెండింటికి బిర్యానీ డెలివరీ బైకు హారన్ కొడితే ఒక కూత. నాలుగూ నలభై అయిదుకి మాత్రం సొంత గడియారం ప్రకారం ఏకధాటిగా పది నిమిషాలు.

మూడో రోజున పై పోర్షన్ కుర్రాడు దిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మెత్తగా ఉంది. "అన్నా, నా కాల్స్ అన్నీ రాత్రిపూటే. కొంచెం ఏదైనా..." అని ఆగాడు. కోళ్ల దగ్గర మొదలై పల్నాటి యుద్ధం దాకా వెళ్లిన జాతి మనది. నాగమ్మ, బ్రహ్మనాయుడు గుర్తొచ్చి, రోజీని రాత్రిళ్లు అట్టపెట్టెలో పెడతానని ఒప్పుకున్నాను. పెట్టాను. పెట్టెలోంచి వచ్చే కూతకి ఇంకాస్త గంభీరత వచ్చింది.

ఇక పక్కింటి అవ్వ సంగతి. మా పక్కన అయిదంతస్తుల భవనం. నాలుగు అంతస్తుల్లో హాస్టల్, పైన పెంట్‌హౌస్‌లో అవ్వ. ఆ భవనం ఉన్నచోట ఒకప్పుడు వాళ్ల బర్రెల కొట్టం ఉండేదట. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజు అవ్వకి బాగా జ్ఞాపకం. ఆ జనం హడావుడికి బెదిరి ఆమె పెట్ట ఒకటి ఎటో పోయి, మళ్లీ రాలేదట. ఆ గుండ్రటి బిల్డింగుని చూసినప్పుడల్లా ఆమెకి ఆ పెట్టే గుర్తొస్తుంది.

రోజీ కూత విని అవ్వ లిఫ్టులో దిగొచ్చింది. "ఏం బిడ్డా, కోళ్లు సాదుతున్నవట?" అంటూ బుజ్జిని చటుక్కున పట్టి, రెక్క ఎత్తి చూసి, కడుపు కింద వేళ్లు పెట్టి, "ఇగ వారంల పెడ్తది" అంది. నేను ఆర్నెల్లుగా తిరగేసిన వీడియోల్లో ఎవరూ తేదీ చెప్పలేదు.

అవ్వ చెప్పినట్టే ఎనిమిదో రోజున, బుజ్జి నా పాత లాప్‌టాప్ బ్యాగులో గుడ్డు పెట్టింది. నేను నలభై గడ్డిపరకలు పరిచిన గూడు ఖాళీ. బ్యాగు జిప్పు సగం తెరుచుకుని ఉంది. చార్జర్ పెట్టే అరలో, లేత గోధుమరంగులో, పెద్ద ఉసిరికాయ కంటే కొంచెం పెద్దది. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, పైన ఇంకా కాస్త తడి. చూస్తూండగానే ఆ తడి ఆరిపోయి పెంకు మసకబారింది. బుజ్జి మాత్రం గోడెక్కి, ఊరందరికీ తెలిసేదాకా అరిచింది. ఆ బ్యాగుతో నేను పద్నాలుగేళ్లు ఆఫీసుకెళ్లాను. అందులోంచి అంత పనికొచ్చేది ఏదీ ఎప్పుడూ బయటికి రాలేదు.

మా ఆవిడ లెక్కల మనిషి. 1982లో ఏర్పడిన నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ రోజూ ఊరి వారీగా గుడ్డు రేటు ప్రకటిస్తుంది. అది తీసి చూసింది. తర్వాత జాలీ, గూడు, దాణా, మందు, నా ఓలా బిల్లులు కలిపి, "ఏవండీ, ఈ గుడ్డు పదకొండు వేల రెండొందలు. ఆమ్లెట్ వేయనా, లాకర్లో పెట్టనా?" అని అడిగింది.

గ్రామప్రియ సాధారణంగా పొదగదని చెబితే అవ్వ నమ్మలేదు. పొదుగుకొస్తే గుడ్లు ఆగిపోతాయి కాబట్టి, ఆ గుణం తగ్గేలా తరాల తరబడి ఏరి తయారుచేసిన జాతి అని విడమరిచాను. అవ్వ చాలాసేపు బుజ్జిని చూసింది. "పెడ్తనే ఉంటది గని, కూసోనియ్యరా? ఇది గూడ మీ ఆఫీసు కోడే బిడ్డా."

ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అమ్మ రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి చేతులు కడుక్కున్నానో లేదో కనుక్కునేది. పావురాల రెట్ట పడకుండా పైన షీటు వేశాను. భయానికి జనం కొనడం మానేసి ఇక్కడ చికెన్ రేటు పడిపోయింది. అదే జబ్బు అమెరికాలో గుడ్ల కోళ్లని కోట్ల సంఖ్యలో పొట్టన పెట్టుకుని, అక్కడ గుడ్డు రేటుని ఆకాశానికెత్తింది. మార్చిలో డజను సగటు ధర 6 డాలర్లు దాటింది. మా కథ మలుపు తిరిగింది అక్కడే.

ఒక తెల్లవారుజామున, నాలుగూ నలభై అయిదుకి, పై పోర్షన్ కుర్రాడు కాల్‌లో మ్యూట్ నొక్కడం మరిచిపోయాడు. కాలిఫోర్నియాలో సాయంత్రం నాలుగుంబావు. క్లయింట్ ఆలస్యమైన పనుల చిట్టా చదువుతున్నాడు. రోజీ అందుకుంది. చిట్టా ఆగిపోయింది. "అది పుంజేనా?" అన్నాడట క్లయింట్. కుర్రాడు క్షమాపణ చెప్పబోతుంటే, ఆయన కెమెరా పట్టుకుని పెరట్లోకి నడిచాడట. గుడ్లు కొనలేక ఆయనా నాలుగు పెట్టల్ని తెచ్చుకున్నాడు. ఆ రోజు చిట్టా మిగతా సగం ఎవరూ చదవలేదు.

నెలాఖరుకి కుర్రాడు మళ్లీ దిగొచ్చాడు. ఈసారి కళ్లు తేటగా ఉన్నాయి. "అన్నా, మా క్లయింటు కోడి ఒకటి గూట్లోంచి లేవట్లేదట. గుడ్లు లేకపోయినా కూర్చునే ఉందట. దగ్గరికెళ్తే పొడుస్తోందట. ఎవరినైనా అడుగుతావా?"

అవ్వని పిలిచాం. తెల్లారి అయిదింటికి మా వెనక జాగాలో, పీట మీద అవ్వ, ఎదురుగా ఫోన్, ఫోన్‌లో అమెరికా. అవ్వ కళ్లద్దాలు సరిచేసుకుని ఆ కోడిని చూసింది. ఉబ్బిన ఈకలు, పరుచుకున్న రెక్కలు. "పొదుగుకొచ్చింది. కడుపు వేడెక్కి ఉంటది. చల్లటి నీళ్లల్ల కడుపు మటుకు ముంచమను. మెడ ముంచొద్దు, సస్తది. మూడొద్దులు చీకట్ల పెట్టొద్దు. కింద గాలాడే జాలి మీద ఉంచమను." కుర్రాడు అనువదించాడు. మధ్యలో నెట్‌లో చూసి, "అన్నా, ప్రొలాక్టిన్ అనే హార్మోను వల్లనట, కింద చల్లబడితే తగ్గుతుందట. అవ్వ చెప్పిందే రాసుంది" అని గుసగుసలాడాడు.

నాలుగో రోజున ఆ కోడి లేచి తిరుగుతోందని కబురొచ్చింది. క్లయింట్ ఫీజు ఎంతో అడగమన్నాడట. అవ్వ నవ్వింది. "నలభై ఏండ్లు కోళ్లు సాదిన. ఈ సందుల ఇన్ని కంప్యూటర్ల బిల్డింగులు లేచినై. ఒక్కడన్న నన్ను ఒక్క మాట అడిగిండా? ఆయన గంత దూరంకెల్లి అడిగిండు. పైసలెందుకు బిడ్డా."

నేను తల దించుకుని చిట్టికి నూకలు చల్లాను. ఆ సందులో నేనుంటున్నది ఆరేళ్లుగా.

ఇక అంతా సుఖాంతమే అనుకున్నాను. రోజీకి ఈకలు రాలే కాలం వచ్చి, ఒక వారం నీరసపడి కూత మానేసింది. హాయిగా ఏడింటిదాకా పడుకున్నాను. శుక్రవారం కుర్రాడు తలుపు కొట్టాడు. మొహం వేలాడేసుకున్నాడు.

"అన్నా, రోజీ ఎందుకు కూయట్లేదు? కూత వినబడితే మా క్లయింటు కోళ్ల మాటల్లో పడతాడు, కాల్ టైమ్ అయిపోతుంది. ఈ వారం కూత లేదు. నాలుగు రోజులుగా స్టేటస్ అడుగుతున్నాడు అన్నా."

ఇప్పుడు నేను రోజూ నాలుగూ నలభైకి అలారం పెట్టుకుని లేస్తున్నాను. వెనక తలుపు చప్పుడు కాకుండా తీసి, రోజీ మొహం మీద టార్చి వేస్తాను. అది ఒక కన్ను తెరుస్తుంది. మరో కన్ను తెరుస్తుంది. విసుక్కుంటుంది. మెడ సాచుతుంది. పైన కిటికీలోంచి కుర్రాడు బొటనవేలు చూపిస్తాడు. ఆ ముసలమ్మని చూసి ఇన్నేళ్లూ ఊరికే నవ్వాం. మా కోడి కూయకపోతే ఇక్కడ నిజంగానే మీటింగ్ అవదు.