మీరే మా దేవుళ్లు, బాకీ ఎప్పుడిస్తారు?

కస్టమరే దేవుడని వ్యాపారస్తులు అంటుంటారు. కాదనలేం. ఇద్దరికీ ముందు దండమే పెడతారు. ఇద్దరి హుండీ మీదా ఓ కన్నేసి ఉంచుతారు. ఇద్దరూ నోరు తెరిచి లెక్క అడగరన్న ధైర్యం మీదే బండి నడుస్తుంది.

నమ్మకపోతే మోపిదేవి రండి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి దగ్గర కారు దిగీ దిగగానే ఏదో ఒక కొట్టులోంచి పిలుపు వస్తుంది. "రండి బాబుగారూ, చెప్పులు ఇక్కడ వదలండి, డబ్బులేం వద్దు." ఆ ఆప్యాయతకి కరిగిపోయి వదిలామా, చేతిలోకి బుట్ట వచ్చేస్తుంది. కొబ్బరికాయ, పూలు, పుట్టలో పోయడానికి పాలు. "అన్నీ ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నామండీ" అని చూడండి. "అయితే ఆ చెప్పులు కాస్త అటు తీసెయ్యండి, బేరాలకి అడ్డం." కాయ కొంటేనే బాబుగారు, కొనకపోతే అడ్డం.

జనవరి వస్తే ఊళ్లో కృతజ్ఞత కట్టలు తెంచుకుంటుంది. క్యాలెండర్లు, చేతిసంచులు, గోడ గడియారాలు. క్యాలెండర్ మీద స్వామివారి కన్నా కొట్టు పేరు పెద్దది, తేదీల కన్నా ఫోన్ నంబరు పెద్దది. మన గోడకి, మన మేకుకి, వాళ్ల ప్రకటన ఏడాది పొడుగునా పైసా అద్దె లేకుండా వేలాడుతుంది. అయినా థాంక్స్ చెప్పేది మనమే. పైగా "ఇంకోటి ఉంటే ఇవ్వండి, మా బావమరిది అడిగాడు" అంటాం.

బ్యాంకుల్లో ఈ మర్యాదకి ఏకంగా గాంధీగారే హామీ. ఖాతాదారే మన గడప తొక్కే అతి ముఖ్యమైన అతిథి అంటూ ఆయన పేరున గోడ మీద బోర్డు ఉంటుంది. వంద సంపుటాల గాంధీ రచనల్లో ఆ మాట ఎక్కడా దొరకలేదని వెతికినవాళ్లు చెబుతున్నారు. 1941లో అమెరికాలో స్టూడీబేకర్ కార్ల కంపెనీ అమ్మకాలు చూసుకునే ఉపాధ్యక్షుడు అన్నట్టు మాత్రం అచ్చులో ఉందట. కార్లమ్మేవాడి మాటకి కొల్లాయి కట్టి గోడెక్కించామన్నమాట. ఆ బోర్డు కిందే 'సర్వర్ పనిచేయుట లేదు' అన్న కాగితం ఉంటుంది. అది మాత్రం సొంత రచనే.

భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మా బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. తొంభై ఆరేళ్లు నిండాక, 2020 ఏప్రిల్ 1న, అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తేదీ చూసి నవ్వుకుందామంటే నిజమని తేలింది. ఆ అతి ముఖ్యమైన అతిథిని "ఏమంటారు?" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మెసేజ్ మాత్రం 'ప్రియమైన కస్టమర్' అనే మొదలైంది.

అసలు భక్తి చూడాలంటే రొయ్యల చెరువు గట్టెక్కాలి. దివిసీమలో రొక్కం పెట్టి మేత కొనే రైతుకి బస్తా మీద ధరలో తగ్గింపు దొరుకుతుంది. అప్పు మీద తెచ్చుకునేవాడికి అచ్చేసిన ధరే గతి. పట్టుబడి రొయ్యలు కూడా చాలాసార్లు ఆ అప్పిచ్చిన డీలరు చెప్పినవాడికే, చెప్పిన కౌంటు రేటుకే అమ్మాలి. ఎక్కువ మేత అమ్మినందుకు కంపెనీవారు డీలర్లని బ్యాంకాక్ తీసుకెళతారు. కొన్న రైతుకి టోపీ పెడతారు. నిజం టోపీయేనండీ, కంపెనీ పేరున్నది.

ఏడాదికోసారి ఫంక్షన్ హాల్లో రైతు సదస్సు, బిర్యానీ, సన్మానం. ఆదర్శ రైతు స్టేజీ ఎక్కుతాడు. డీలరు నవ్వుతూ శాలువా కప్పుతాడు. ఫొటోలో ఇద్దరూ వెలిగిపోతుంటారు. ఆ వెలుగులో డీలరు రైతు చెవి దగ్గర అన్న మాట మైకులో పడదు. "పట్టుబడి ఎప్పుడు బాబాయ్? పాత ఖాతా అలాగే ఉండిపోయింది."

ఇన్నాళ్ల సన్మానాల్లో నాకు తెలిసిందొకటే. పక్క కొట్టుకి వెళ్లిపోగలిగినవాడికే అసలు మర్యాద జరుగుతుంది. బందరులో లడ్డూ కొనబోతే ముందు చిన్న ముక్క తుంచి చేతిలో పెడతారు, రుచి చూడమని. నచ్చకపోతే నాలుగడుగుల్లో ఇంకో కొట్టుందని ఇద్దరికీ తెలుసు. అప్పులో ఇరుక్కున్నవాడికి ఎవరూ రుచి చూపించరు, శాలువా కప్పుతారు. ఆ శాలువా చిలకలపూడి నగలాంటిది. కాకపోతే చిలకలపూడి వాళ్లు అది బంగారం కాదని ముందే చెప్పి అమ్ముతారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం తిరగేశాను. బిల్లు ఇవ్వకపోవడం తప్పంది. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం తప్పంది. దండం పెట్టకపోవడం తప్పని ఎక్కడా లేదు. రాసినవాళ్లెవరో కొట్టుకెళ్లి సరుకులు తెచ్చుకున్నవాళ్లే అయి ఉంటారు.

కాబట్టి వ్యాపారస్తులకి మనవి. ఈసారి శాలువా వద్దు, దాని ఖరీదు ఖాతాలో తగ్గించి రాయండి. చిల్లరకి బదులు చాక్లెట్ వద్దు, చిల్లరే ఇవ్వండి. రొక్కానికి ఒక రేటు, నమ్మకానికి ఒక రేటు పెట్టకండి. ఇవేవీ మీవల్ల కాదంటే పోనీండి, ఇప్పటిదాకా కప్పినవన్నీ మడత నలగకుండా దాచాం. మీ అమ్మాయి పెళ్లిలో మీకే కప్పుతాం. చదివింపుల పుస్తకంలో మాత్రం నగదు కింద రాసుకోవాలి సుమా.