పట్టాభిషేకమా, నీ ఘనత చెప్పతరమా!

పట్టాభిషేకమా! నిన్ను పొగడాలంటే నడిగడ్డ మీద నిలబడి పొగడాలి. కృష్ణా తుంగభద్రల నడుమ ‘విద్వద్గద్వాల’, కృష్ణకు అవతల వనపర్తి, ఆత్మకూరు, నాగర్‌కర్నూలు జిల్లాలో సురభివారి కొల్లాపూర్. ఇన్ని గద్దెలు ఇంత దగ్గర దగ్గరగా వెలసిన సీమ ఇది. తిరుపతి వేంకట కవులు వచ్చి సన్మానాలు అందుకున్న కొలువులు ఇక్కడివి. కవులు నీవల్ల రాజులైనవాళ్లను పొగిడారు. నేను నిన్నే పొగుడుతాను. దేవుడి మీద చనువున్న భక్తులే నిందాస్తుతి చేస్తారు. ఈ నేల తిండి తిన్నవాళ్లకు నీ మీద ఆ చనువు ఉంది.

మొదట నీ నీళ్ల గొప్ప చెప్పుకోవాలి. రాజసూయ యాగంలో రాజు మీద చల్లడానికి శతపథ బ్రాహ్మణమనే వేదగ్రంథం 17 రకాల నీళ్లు తెమ్మంది. సరస్వతీ నది నీళ్లు, సముద్రపు నీళ్లు, సుడిగుండంలో నీళ్లు, ఎండ కాస్తుండగా కురిసిన వాన నీళ్లు, చెరువు నీళ్లు, బావి నీళ్లు, ఆఖరికి మంచుబొట్లు కూడా. రాముడి పట్టాభిషేకానికి 500 నదుల నీళ్లు వచ్చాయని వాల్మీకి రాశాడు. ఏ నీటినీ చిన్నచూపు చూడని విశాల హృదయం నీది! చల్లే చేతులు మాత్రం నాలుగు రకాలు చాలన్నావు. మోదుగ పాత్రతో బ్రాహ్మణుడు, మేడి పాత్రతో రాజు సొంతవాడు, మర్రి పాత్రతో స్నేహితుడైన క్షత్రియుడు, రావి పాత్రతో వైశ్యుడు. బావి నీళ్లు కావాలన్నావు గానీ, బావి తవ్వినవాడి కోసం ఐదో చెట్టు వెతకలేదు.

ఆ లోటు వనపర్తిలోనూ తీరలేదు. అక్కడి సంస్థానపు చెరువులను సప్త సముద్రాలని గర్వంగా చెప్పుకుంటాం. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని ఆనుకుని ఉన్న రంగసముద్రం నిండితే కళ్లు చాలవు. కరువు సీమలో చెరువు కట్టించినవాళ్లకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఆ కట్టకు మన్ను మోసిన ఒక్క మనిషి పేరైనా మనకు దక్కనివ్వలేదు నీవు. అదే చేతిపని పట్టుకుని ‘పాలమూరు లేబరు’ తరాల తరబడి దేశమంతా తిరిగింది. పరాయి రాష్ట్రాల కాలువలు తవ్వింది, ఆనకట్టలు కట్టింది. తట్ట మోసినవాడికి ఊళ్లో బతుకు లేకపోయినా గద్దె ఎక్కినవాడి పేరు చెరువుల మీద నిలబెట్టావు. నీ జ్ఞాపకశక్తి అంత గొప్పది!

నీ న్యాయబుద్ధి ఇంకా గొప్పది. రాజసూయంలో ఒక ఘట్టం ఉంది. అధ్వర్యుడు, తోటి ఋత్విజులు కర్రలు తీసుకుని రాజు వీపు మీద మాటామంతీ లేకుండా కొడతారు. ఇది విన్నప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. రాజును కొట్టే ధైర్యం ఉన్న ధర్మం ఎంత గొప్పదో అనిపిస్తుంది. ఆ కొట్టడం ఎందుకో శతపథమే విప్పి చెబుతుంది. దండంతో తాకి రాజును దండన దాటించేస్తున్నారట. ఆ పూట నుంచి అతణ్ణి శిక్షించేవాడు లేడు. జీవితకాలపు శిక్షలన్నీ నాలుగు మెత్తని దెబ్బలతో చెల్లు వేసిన దయామయివి నీవు! శిస్తు కట్టలేని రైతుకు, వెట్టికి రానన్న మనిషికి తగిలిన దెబ్బల్లో అంత మెత్తనివి ఒక్కటీ లేవు.

ప్రమాణం మాటకు వస్తే, నీవు ప్రమాణం లేకుండా ఎవర్నీ గద్దె ఎక్కించలేదు. ఐతరేయ బ్రాహ్మణం చెప్పిన ఐంద్ర మహాభిషేకంలో రాజు ఒట్టు పెట్టుకోవాలి. ద్రోహం చేస్తే పుట్టిన రాత్రి నుంచి పోయే రాత్రి దాకా సంపాదించిన పుణ్యం, ఆయుష్షు, సంతానం అన్నీ పోవాలని ఒప్పుకోవాలి. ఇంత గట్టి ఒట్టు ఏ దేశపు పట్టాభిషేకంలోనైనా గౌరవించదగ్గదే. అయితే ఆ ఒట్టు ఎవరికి? అభిషేకం చేయించే పురోహితుడికి. దుక్కి దున్నేవాడికి ద్రోహం చేస్తే ఏం పోతుందో అందులో లేదు.

నీ వినయాన్నీ చెప్పాలి. మా సీమలో నీవు కోటలో మంత్రాలతో, మేళతాళాలతో జరిగేదానివి. ఆ రాజు రాజేనని ఒప్పుకోవాల్సింది మాత్రం హైదరాబాదు. పేష్కషు అనే కప్పం కట్టాలి, నజరానా ముట్టజెప్పాలి, నిజాం ఔననాలి. తల మీద కిరీటం పెట్టిన చేతులతోనే ఆ తలను వంచావు. ఆ హైదరాబాదు గద్దె మీదైనా నీవు వయసు చూడలేదు. 1869లో మహబూబ్ అలీఖాన్‌ను కూర్చోబెట్టినప్పుడు అతనికి మూడేళ్లు కూడా నిండలేదు. మాటలు కూడబలుక్కునే పసివాడు లక్షల మందికి ఏలికయ్యాడు. పాలించే చేవ ఉందా లేదా అన్న చిక్కు ప్రశ్నతో పసిబిడ్డను వేధించని మాతృహృదయం నీది!

ఆడవాళ్ల మీద నీకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. వంశంలో మగవాడు ఉన్నంతకాలం వాళ్ల వంక చూడలేదు. మగవాడు పోతే దత్తత వెతికావు. దత్తత వచ్చినవాడు పసివాడైతేనో, దారులన్నీ మూసుకుంటేనో రాణిని పిలిచావు. అట్లా పిలిస్తే వచ్చినవాళ్లు వనపర్తిలో శంకరమ్మ, గద్వాలలో ఆదిలక్ష్మీదేవమ్మ, ఆత్మకూరులో భాగ్యలక్ష్మమ్మ. ఆదిలక్ష్మీదేవమ్మ భర్త 1924లో పోయాక పగ్గాలు పట్టి, సంస్థానాలు రద్దయ్యేదాకా పండితులను ఆదరిస్తూ నడిపింది. గద్దెను కష్టకాలంలో నిలబెట్టినవాళ్లను గద్దెకు ఆఖరి వరసలో ఉంచావు. వరస తప్పని నీ క్రమశిక్షణకు జోహారు!

నీ ఘనతలన్నిటిలో పెద్దది నీవు తప్పుకున్నాక బయటపడింది. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాలు పోయాయి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతోనే డిగ్రీ కళాశాల వెలిసింది. వనపర్తి రాజమహలులో పాలిటెక్నిక్ పెట్టారు. 1959లో నెహ్రూ వచ్చి ప్రారంభించారు. కొలువు కూటాల్లో రైతుబిడ్డలు లెక్కలు నేర్చుకున్నారు. 1952 ఎన్నికల్లో వనపర్తి ప్రజలు తమ ప్రతినిధిగా ఎంచుకున్నది ‘గోలకొండ పత్రిక’ నడిపిన సురవరం ప్రతాపరెడ్డిని. ఏ పాత్రా చేతికి అందని జనం తమ చేతులతో చేసిన మొదటి అభిషేకం అది.

గద్వాల సంస్థానం నుంచి తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు జోడు పంచెలు పంపే ఆనవాయితీ ఉండేది. సంస్థానం పోయింది, ఆనవాయితీ ఆగలేదు. నియమనిష్ఠలతో మగ్గం మీద కూర్చుని ఆ పంచెలు ఇప్పటికీ గద్వాల నేతన్నలే నేస్తున్నారు. వాళ్లు చీర నేయడం దగ్గరుండి చూడాలి. ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండూ కలిసే చోట ప్రతి పోగునూ ఇంకో పోగుకు మెలివేసి పట్టిస్తారు. ఒక్క పోగు మరిచినా అంచు విడిపోతుంది. రాజ్యం కూడా అట్లా పోగుపోగునా నిలబడేదేనని ఆ మగ్గానికి తెలుసు. నీ మంత్రాల్లో ఆ మగ్గం ప్రస్తావనే లేదు.

పోయావనుకున్నాం. పోలేదు. వెండి కిరీటమై, కత్తై, క్రేనుకు వేలాడే గజమాలై మళ్లీ మా సభల మీదికి వచ్చావు. పింఛను మంజూరైతే నాయకుడి పటానికి పాలాభిషేకం. రోడ్డు మంజూరైతే ఫ్లెక్సీకి పాలాభిషేకం. తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనవడు. ఇది మా సొమ్మే కదా అని అడగాల్సిన నోళ్లతో జేజేలు పలికించావు. అడిగినవాళ్ల సంగతీ చూశాం. శ్రీశైలం జలాశయం కింద మా సీమలోని జటప్రోలు ఊరు మునిగింది. గుడిని తరలించి తిరిగి కట్టుకున్నాం. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 98వ నంబరు జీవో ఇచ్చారు. దశాబ్దాలు గడిచినా నిర్వాసితులు ఆ మాట నిలబెట్టమని అడుగుతూనే వచ్చారు. ఆ మాట తప్పినందుకు ఎవరి పుణ్యం పోయింది? ఎవరి గద్దె కదిలింది? వీపు మీద నాలుగు దెబ్బలైనా లేకుండానే అందరినీ దండన దాటించిన నీ శక్తికి ఇంతకంటే సాక్ష్యం వద్దు.

అయినా నిన్ను వదులుకోను. నీలో ఒక్కటి నిజం. అధికారం ఎక్కేవాడు పదిమంది ముందు ఒట్టు పెట్టుకోవాలన్నావు. ఆ ఒట్టును మాకు ఇచ్చేసి కిరీటాలు, కత్తులు, పాలబిందెలు నీవే తీసుకుపో. ఈసారి ఆ ఒట్టు పురోహితుడికి కాదు, బావి తవ్వినవాడికి, మగ్గం నేసినవాడికి, ఇల్లు మునిగినవాడికి పెట్టాలి. తప్పితే దించే హక్కు కూడా వాళ్లదే కావాలి. ఆ రోజు నిన్ను ఏ నిందా కలపకుండా స్తుతిస్తాను.