పాట పెద్దలది, పటం చిన్నవాడిది

వేలంపాట అంటే ఏమిటో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వారికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. బెల్లానికి పేరుపడ్డ కామారెడ్డిలో సరుకు పాట ముగిశాక ధర, తూకం, కోతలు రాసిన చీటీ, అంటే తక్‌పట్టీ, రైతు చేతికి వస్తుంది. ధర గిట్టకపోయినా తిట్టుకోవడానికి అతనికి ఒక కాగితమైనా మిగులుతుంది. వినాయక నిమజ్జనం నాటి లడ్డూ పాట సంగతి వేరు: బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికిందంటే, పాడినవారు కొన్నది తీపిని కాదని, ఊరి ముందు తమ పేరునని అందరికీ తెలుసు, ఆ విషయం ఎవరూ దాచరు కూడా.

నగరాల హోటళ్లలో ముదిరి జిల్లా కేంద్రాల ఫంక్షన్ హాళ్ల వైపు చూస్తున్న చారిటీ వేలంలో మాత్రం దాపరికమే మర్యాద. ఏదైనా సేవాకార్యం కోసం కళాకృతులను పాటకు పెట్టి, వచ్చిన సొమ్మును ఆ కార్యానికి ఇవ్వడం దీని పద్ధతి. అందులో టెంట్‌హౌస్ వాడికి, మైకు వాడికి, వంటవాడికి, ఫ్లెక్సీ వేసినవాడికి బిల్లు చెల్లుతుంది. బిర్యానీ వండినవాడితో "నీకు మంచి ప్రచారం వస్తుంది, డబ్బెందుకు" అనే ధైర్యం ఏ కార్యదర్శికీ ఉండదు. ఆ మాట వినే భాగ్యం, రంగులూ కాన్వాసూ ఫ్రేమూ సొంత ఖర్చుతో తెచ్చుకున్న వర్ధమాన చిత్రకారుడిదే. అతనికి ఒక శాలువా, ఒక జ్ఞాపిక, గ్రూప్ ఫోటోలో చివరి వరుస దక్కుతాయి. ఇదే మనిషి ఎన్నికలప్పుడు ఎల్లారెడ్డి గోడ మీద పార్టీ గుర్తు వేస్తే అడుగుల లెక్కన కూలి ముడుతుంది. దీన్నిబట్టి చూస్తే, సమాజసేవ పేరు ఎత్తని రాజకీయ నాయకుడే కళాపోషణలో రెండు మెట్లు పైన ఉన్నాడని ఒప్పుకోవలసి వస్తుంది.

ప్రచారం వల్ల ధర పెరుగుతుందన్న వాదన మరీ ముచ్చటైనది. రిజర్వ్ ధర, అనగా అంతకు తక్కువకు అమ్మకూడదని ముందే పెట్టుకున్న హద్దు, లేకుండా పాటకు పెట్టిన పటం, భోజనాల వేళ దగ్గరపడి అందరూ ప్లేట్ల వైపు చూస్తున్నప్పుడు చవకగా పోతే, ఆ అంకె నలుగురి నోళ్లలో నానుతుంది; ఆ తర్వాత న్యాయమైన ధర చెప్పిన చిత్రకారుడిని చూసి "మొన్న అక్కడ ఎంతకు పోయింది?" అని అడగని కొనుగోలుదారు ఉండడు.

పటాన్ని దానంగా ఇచ్చే ఈ చిత్రకారుడిని పన్ను చట్టం కూడా పెద్దగా ఆదరించదు. విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80జి, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో, డబ్బు రూపంలో ఇచ్చినదాన్నే విరాళంగా లెక్కించింది. వస్తువు ఇచ్చినవాడికి మినహాయింపు లేదు, పటం వస్తువే. అమెరికాలోనూ 1969 నుంచి చిత్రకారుడు తన బొమ్మను దానమిస్తే రంగుల, గుడ్డల ఖర్చే మినహాయింపుకు వస్తుంది. అదే బొమ్మను కొని దాచుకున్న సంపన్నుడు తగిన సంస్థకు ఇస్తే మార్కెట్ ధరంతా చూపుకోవచ్చు. దానం గొప్పదే కాని, దాత ఎవరన్నది ఇంకా గొప్ప విషయం.

అయినా నిర్వాహకుల సంచిలో ఒక బ్రహ్మాస్త్రం ఉంటుంది, అది చిత్రకారుడు హుసేన్ పేరు. 2025 మార్చి 19న న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ 'గ్రామయాత్ర' చిత్రం కోటి 37 లక్షల 50 వేల డాలర్లకు, మన లెక్కలో 118 కోట్ల రూపాయల పైచిలుకుకు అమ్ముడుపోయి, ఆ సొమ్ము వైద్యుల శిక్షణకు వెళ్లిందని విన్నవారు, కళ సేవకు ఇంతగా ఉపకరిస్తుందా అని చేతులు జోడిస్తారు. కథలో అసలు ముక్క మాత్రం వేదిక మీదికి రాదు. సినిమా హోర్డింగులు వేసి బతికిన హుసేన్ ఆ బొమ్మను దానమివ్వలేదు, అమ్మాడు. 1954లో ఢిల్లీలో దాన్ని కొన్న వోలోదార్‌స్కీ అనే వైద్యుడు తరువాత నార్వేలోని ఓస్లో ఆసుపత్రికి ఇచ్చాడు. దానం చేసినవాడు కొన్నవాడు. దానం చేసింది తన సొత్తునే. ఇక్కడ కొనేవాడికి అడుగుజాడగా చూపవలసిన కథను పట్టుకొచ్చి వేసేవాడికి ఉపదేశం చేయడమే ఈ నిర్వాహకుల ప్రతిభ.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. 1957 కాపీరైట్ చట్టంలో 1994 సవరణ చేర్చిన సెక్షన్ 53ఏ ప్రకారం, పటం మళ్లీ అమ్ముడై ధర 10 వేలు మించితే వేసినవాడికి అందులో వాటా అడిగే హక్కుంది. ఆ మాటను ఆహ్వానపత్రికలో ఒక మూల అచ్చు వేసి, పాడిన సొమ్ములో సగం చిత్రకారుడికి తక్‌పట్టీతో సహా ఇస్తే సరిపోతుంది. అలా ఇస్తే సేవాభావం పలచబడుతుందని కమిటీ బాధపడితే, వచ్చే వేలంలో మొదటి పాట కమిటీలోని రియల్ ఎస్టేట్ సభ్యుడి రెండువందల గజాల ప్లాటుకు పెట్టవచ్చు, రిజర్వ్ ధర లేకుండా, భోజనాలకు ముందు. ప్లాటుకు మంచి ప్రచారం వస్తుంది. శాలువా ఖర్చు సంఘానిదే.